మొదటి అద్దె ఇల్లు, మహబూబ్‌నగర్: గోడకు మొల కొట్టకుండా ఇంటిని ఎలా సర్దుకోవాలి?

కొత్త_తాళంచెవి:
అందరికీ నమస్కారం. నాకు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం వచ్చింది. ఇన్నాళ్లూ హాస్టళ్లలో, కొన్నాళ్లు పిన్ని వాళ్లింట్లో గడిపాను. ఇప్పుడు ఏనుగొండ వైపు ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. నా పేరు మీద తీసుకున్న మొదటి ఇల్లు ఇదే.

పాత ఇల్లు, పై అంతస్తు. హాలు, బెడ్‌రూమ్, చిన్న వంటగది, ముందు బాల్కనీ. కింద తాండూరు బండలు, వంటగది గట్టు కడప రాయి. గోడలకు మీగడ రంగు డిస్టెంపర్ వేశారు, చెయ్యి ఆనిస్తే పొడి అంటుతుంది. హాలు కిటికీ పడమరకు ఉంది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా లోపలికే. హాల్లో ఒక గోడంతా తలుపుల్లేని సెల్ఫులు. ఏం పెట్టినా సామాన్ల కొట్టులా కనిపిస్తోంది.

ఓనర్ ఆంటీ మంచివారే కానీ మొలలు కొట్టొద్దు, స్టిక్కర్లు అంటించొద్దు అని ముందే చెప్పారు. హాల్లో పాత మొలలు రెండున్నాయి, అవి వాడుకోవచ్చట. నా దగ్గర పదిహేను వేల దాకా ఉంది. పరుపు, గ్యాస్ స్టవ్, నాలుగు గిన్నెలు కొనేశాను, అవి ఈ లెక్కలో లేవు. వచ్చే నెల అమ్మ వచ్చి కొన్నాళ్లు ఉంటుంది. అప్పటికి ఇది మనుషులు ఇష్టపడి ఉంటున్న ఇల్లులా కనిపించాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జడ్చర్ల_బస్సు:
ముందు కిటికీల సంగతి చూడండి. కర్టెన్ లేని ఇల్లు ఎంత సర్దినా ఖాళీగానే ఉంటుంది. మిగతావి నెమ్మదిగా. ఏ మూల ఎప్పుడు ఎండ పడుతోంది, ఫ్యాన్ గాలి ఎక్కడికి వస్తోంది, ఫోన్ ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు, ఇవి తెలిశాక మంచం, కుర్చీల చోటు తేల్చుకోండి.

నల్లగొండ_చౌరస్తా:
చెల్లే, నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు. అద్దె ఇంటికి పదిహేను వేలు ఎందుకు? రేపు బదిలీ అయితే? ఓనర్ కొడుకు పెళ్లి అని ఖాళీ చేయమంటే? ఆ డబ్బుతో ఒక మంచి కూలర్ కొనుక్కో. పాలమూరు ఎండలు, పైగా పై అంతస్తు. మిగిలింది బ్యాంకులో వేసుకో. సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు ఎంత ముస్తాబైనా చేసుకోవచ్చు.

అమ్మమ్మ_బొంత:
అన్నా, కూలర్ మాట ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. సొంత ఇల్లు ఎప్పుడు వస్తుందో తెలియదు. మాకు పెళ్లయిన దగ్గర్నుంచి అద్దె ఇళ్లే, పిల్లలు పుట్టింది, నడక నేర్చింది వాటిలోనే. ఆ ఏళ్లు లెక్కలోకి రావా? గోడ ఓనర్‌ది, ఆ గోడల మధ్య గడిపే సాయంత్రాలు మనవి.

అయితే ఒక నియమం పెట్టుకోవాలి. పెట్టే ప్రతి రూపాయీ ఆటోలో ఎక్కి మనతో తర్వాతి ఇంటికి రావాలి. గోడకు, నేలకు, తలుపులకు పెట్టిన డబ్బు అక్కడే ఉండిపోతుంది. బట్టకు, దీపానికి, కుండీకి పెట్టింది మన వెంట వస్తుంది.

చెల్లే, నీ సెల్ఫుల సమస్యకు నా సలహా నారాయణపేట కాటన్ చీర. అమ్మ పెట్టెలోనో పిన్ని పెట్టెలోనో పాతది కచ్చితంగా ఉంటుంది. గడుల చీర, నిండు రంగు అంచు. పాత చీర కాబట్టి మెత్తబడి బాగా జారుతుంది. సెల్ఫు పైన ఈ చివర నుంచి ఆ చివరకు కర్టెన్ స్ప్రింగ్ వైరు లాగి, చీరను కుట్టి వేలాడదీయి. సెల్ఫుకు చెక్క ఫ్రేము ఉంటే చిన్న కొక్కేలు చేత్తోనే తిప్పి ఎక్కించొచ్చు, గోడ జోలికి పోనక్కర్లేదు. పైన ఒక్క అర మాత్రం తెరిచి ఉంచి పుస్తకాలు, ఒక ఇత్తడి చెంబు పెట్టు. కింద సూట్‌కేసులు, ఐరన్ బాక్సు, బియ్యం డబ్బా ఏమున్నా బయటికి కనిపించవు.

తలుపు కర్టెన్లకూ చీరే మేలు. ఐదున్నర మీటర్ల చీరను సగానికి కోస్తే రెండు తలుపులకు వస్తుంది, అంచులు రెండు పక్కలా నిలువుగా దిగుతాయి. టైలర్‌కు కుట్టుకూలి తప్ప ఖర్చు లేదు.

ఇక బొంత. ఇంట్లో పాత చీరలుంటే కుట్టించు. దివాన్ మీద పరిస్తే వేరే దుప్పటి అక్కర్లేదు. మా అమ్మమ్మ కుట్టిన బొంతే మా హాల్లో వచ్చినవాళ్లంతా ముందుగా చూసేది.

రామగిరి_ఓనర్:
నల్లగొండలో మాకు రెండు పోర్షన్లు అద్దెకున్నాయి. ఓనర్లు మొలలు ఎందుకు వద్దంటారో చెబుతాను, అది తెలిస్తే ఆంటీతో మాట్లాడటం తేలిక.

పాత గోడల్లో ప్లాస్టర్ బలహీనంగా ఉంటుంది. మామూలు మొలను సుత్తితో కొడితే చుట్టూ అరచేయంత పెచ్చు ఊడుతుంది. అది పూడ్చి ఆ ఒక్క చోట రంగు వేస్తే మచ్చలా తెలుస్తుంది, కాబట్టి గోడ మొత్తం వేయాలి. రెండోది, గోడలో దాగిన కరెంటు పైపులు. స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా పైకి, కొన్నిసార్లు అడ్డంగా వెళ్తాయి. బోర్డుకు నేరుగా పైన, కింద, కుళాయిల వరుసలో మొల పెట్టడం ప్రమాదం. మూడోది స్టిక్కర్లు. పీకితే రంగు కూడా ఊడి వస్తుంది.

అందుకని "మొల కొట్టుకోవచ్చా" అని అడక్కండి. "ఈ గోడకు ఇక్కడ ఒక రంధ్రం, మెషీన్‌తో వేయిస్తాను, వెళ్లేటప్పుడు పూడ్పించి ఇస్తాను" అని చోటు చూపించి అడగండి. నేనైతే ఒప్పుకుంటాను. డ్రిల్ చేసి ప్లగ్ వేసి స్క్రూ బిగిస్తే పెచ్చు ఊడదు, రంధ్రం పుట్టీతో నిమిషంలో మూసుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. సామాను సర్దకముందే ప్రతి గోడ, ప్రతి కుళాయి, బండల పగుళ్లు, బాత్రూమ్ తలుపు కింది భాగం ఫొటోలు తీసి ఆంటీకి వాట్సాప్‌లో పంపండి. తేదీతో సహా ఉంటుంది. అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు గొడవలన్నీ "ఇది ముందే ఉందా, మీరొచ్చాక అయిందా" అన్న దగ్గరే వస్తాయి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అద్దెకున్నవారు తాము బిగించుకున్న వస్తువులను ఖాళీ చేసేలోపు తీసుకెళ్లొచ్చు, కాకపోతే ఇల్లు తీసుకున్నప్పుడు ఉన్నట్టే అప్పగించాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మీ తప్పు కిందకు రాదు. పదకొండు నెలల అగ్రిమెంట్ అయినా సరే, ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని, రంగు ఎప్పుడు వేశారు అన్నది అందులో రాయించుకోండి.

నల్లగొండ_చౌరస్తా:
సార్, ఈ ఫొటోల మాట ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. మా తమ్ముడి అడ్వాన్స్‌లో సగం గోడ మరకల పేరుతో పోయింది. ఆ మరకలు వాడు చేరకముందువే, చూపించడానికి ఏ ఆధారమూ లేకపోయింది.

కరెంటు_పనివాడు:
అక్కా, అంటించే హుక్కులు ఆన్‌లైన్‌లో చూసి ఆర్డర్ పెట్టేస్తారేమో, ఆగండి. డిస్టెంపర్ గోడకు, సున్నం గోడకు అవి నిలవవు. జిగురు పట్టుకునేది గోడను కాదు, పైనున్న పొడిని. బరువు పడగానే ఆ పొర ఊడి వస్తుంది. టైల్స్, అద్దం, ఆయిల్ పెయింట్ వేసిన తలుపు చెక్క, ఇనుప బీరువా, వీటి మీద బాగా పట్టుకుంటాయి. వంటగది టైల్స్ మీద గరిటెల స్టాండుకు, బాత్రూమ్‌లో సబ్బు డబ్బాకు వాడుకోండి.

లైట్ల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఇంటి రూపం తక్కువ ఖర్చుతో మారేది అక్కడే. మనవాళ్లు హాలు, బెడ్‌రూమ్, బాత్రూమ్ అన్నిటికీ ఒకటే తెల్ల లైటు పెడతారు. బల్బు డబ్బా మీద 6500 కె అని ఉంటే అది చల్లని తెలుపు. వంటగదికి, చదువుకునే బల్లకు మంచిదే. బెడ్‌రూమ్‌కు, హాల్లో ఒక మూలకు 2700 కె లేదా 3000 కె తీసుకోండి, పాత బల్బు వెలుగులా పసుపు పచ్చగా ఉంటుంది. ఓనర్ పెట్టిన ట్యూబులైటు అలాగే ఉంచి, నేల మీదో స్టూలు మీదో ఒక చిన్న ల్యాంపు పెట్టి అందులో తొమ్మిది వాట్ల బల్బు వేయండి. సాయంత్రం ట్యూబులైటు ఆపేసి అదొక్కటే వేసి చూడండి, మీగడ రంగు గోడ ఎంత అందంగా ఉంటుందో.

ఒక హెచ్చరిక. పాత ఇళ్లలో గదికి ఒకటో రెండో ప్లగ్గులుంటాయి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఐరన్ బాక్సు, కూలర్, ఫ్రిజ్ కలిపి పెట్టొద్దు. ఐరన్, గీజర్, ఇండక్షన్ స్టవ్ లాంటివి పెద్ద ప్లగ్గుకే. వైరు జంఖానా కింద నుంచి లాగొద్దు, వేడెక్కినా కనిపించదు.

కొత్త_తాళంచెవి:
ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. ఫొటోలు ఈ రోజే తీసి పంపించాను. ఆంటీ "మంచి పని చేశావమ్మా" అన్నారు! అమ్మను చీరల కోసం అడిగాను, మూడు నారాయణపేటవి తెస్తానంది.

ఇంకో సందేహం. హాల్లో పాత మొలలు రెండూ పెద్ద గోడకే ఉన్నాయి. అక్కడ ఫొటో ఫ్రేములు కాకుండా పోచంపల్లి బట్ట ఏదైనా వేలాడదీయాలని ఉంది. ఇక్కడ ఒక ఎగ్జిబిషన్‌లో పోచంపల్లి బెడ్‌షీట్ అని చాలా చవకగా అమ్ముతున్నారు. నిజమైనదేనా? ఎలా తెలుస్తుంది?

పడుగు_పేక:
మాది సంస్థాన్ నారాయణపురం మండలం, పుట్టపాక దగ్గరి ఊరు. పాత నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

చవగ్గా దొరికేవాటిలో చాలావరకు పోచంపల్లి డిజైన్ అచ్చు వేసిన మిల్లు బట్ట. అది కొనడం తప్పని అనను, కానీ పోచంపల్లి అని చెప్పి అమ్మడం తప్పు. మన దగ్గర బట్ట నేసిన తర్వాత రంగు వేయరు. నూలును ఆసు అనే చట్రం మీద పోసి, డిజైన్ లెక్క ప్రకారం అక్కడక్కడా గట్టిగా కట్లు కట్టి, రంగులో ముంచి, మళ్లీ విప్పి, మళ్లీ కట్టి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. డిజైన్ అంతా దారంలోనే ఉంటుంది. అందుకే బట్టను తిరగేసి చూడండి. రెండు వైపులా రంగు, డిజైన్ ఒకేలా ఉండాలి. అచ్చు బట్టకు వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. పువ్వు అంచు చూడండి. ఇక్కత్‌లో, అంటే ఇలా కట్లు కట్టి నేసిన బట్టలో, ఆ అంచు గీత గీసినట్టు ఉండదు, దారం దారానికీ కాస్త జరిగి నూగుగా కనిపిస్తుంది. అంచు కత్తిరించినట్టు ఉందంటే అనుమానించాల్సిందే. చివర ఒక పోగు లాగి చూడండి, అదే పోగు మీద రంగులు మారుతూ కనిపిస్తాయి. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందా అని కూడా అడగండి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మీ గోడకు నేను చెప్పేది తేలియా రుమాలు. చతురస్రంగా ఉంటుంది, కాబట్టి గోడకు దానికంటే అమరే బట్ట లేదు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి తయారు చేస్తారు, తేల్ అంటే నూనె, పేరు అందుకే వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే సంప్రదాయపు రంగులు. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలకు కట్టుకునే రుమాళ్లుగా వెళ్లేవి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ వచ్చింది. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) రెండిటికీ కట్లు కట్టి నేస్తారు, ఒక పోగు పక్కకు జరిగితే డిజైన్ కలవదు. అసలైనది చవగ్గా రాదు. మీ డబ్బులో అది పెద్ద భాగమే అవుతుంది, తొందరపడొద్దు. ఇప్పటికి ఇక్కత్ కాటన్ బట్ట ఒకటిన్నర మీటరు తీసుకుని వేలాడదీయండి. రుమాలు కోసం వీలైనప్పుడు ఊరికే రండి, మగ్గం దగ్గర చూసి కొనుక్కోవచ్చు.

వేలాడదీసే పద్ధతి: పై అంచును మడిచి గొట్టంలా కుట్టించండి, అందులో సన్నటి వెదురు కర్ర దూర్చండి. కర్ర రెండు చివర్లనూ మీ రెండు మొలల మీద ఆనించొచ్చు. కింద కూడా అలాగే ఒక కర్ర దూరిస్తే బరువుకు బట్ట ముడత లేకుండా నిలుస్తుంది. బట్టకు మొల గుచ్చొద్దు, పిన్నులు పెట్టొద్దు. పడమటి ఎండ నేరుగా తగిలే గోడ అయితే మాత్రం వద్దే వద్దు, రంగు వెలిసిపోతుంది. మొదటిసారి ఉతికేటప్పుడు విడిగా, చల్లటి నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి.

జడ్చర్ల_బస్సు:
తిరగేసి చూడమన్న మాట బంగారం. నా బెడ్‌షీట్లు ఇప్పుడే తిరగేశాను. ఒకటి అసలుది, ఒకటి అచ్చు.

మెట్టుగడ్డ_డాబా:
పడమటి కిటికీ సంగతి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ వేడి లోపలే ఉండిపోతుంది. ఎండను కిటికీ బయటే ఆపాలి. బాల్కనీ వైపైతే వెదురు తడక కట్టండి, చుట్టి పైకి లేపుకునేది. బాల్కనీ గ్రిల్‌కు తాళ్లతో కట్టొచ్చు, మొల అక్కర్లేదు. సాయంత్రం ఎండ తడక సందుల్లోంచి పడుతుంటే హాలు చూడటానికీ బాగుంటుంది.

పై అంతస్తు కాబట్టి అసలు వేడి స్లాబు నుంచి దిగుతుంది. ఎండాకాలం ముందు డాబా మీద తెల్ల సున్నమో ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటో వేయించమని ఆంటీని అడగండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. ఖర్చులో కొంత మీరు పెట్టుకుంటానంటే కాదనరు, డాబాకూ మంచిదే. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే గది చెమ్మగా అవుతుంది.

నల్లా_నీళ్లు:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. మీది తాండూరు బండల ఇల్లు. తాండూరు, షాబాద్, కడప, ఇవన్నీ సున్నపురాయి జాతి. బోరు నీళ్ల తెల్ల మరకలు పోవాలని బాత్రూమ్ యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, నిమ్మకాయ గానీ వాటి మీద వేయకండి. మరకతో పాటు రాయి పైపొర కూడా కరిగి, ఆ చోటు మెరుపు పోయి గరుకుగా అవుతుంది. కుళాయిలకు, స్టీలు సింకుకు నిమ్మచెక్క సరే. బండలకు మామూలు సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. కడప రాయి గట్టు మీద చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవండి, ఆరితే మచ్చ ఉండిపోతుంది.

ఆ బండలు చాలా అందమైన నేల. ప్లాస్టిక్ కార్పెట్‌తో కప్పకండి. కింద చెమ్మ పట్టి బండ మచ్చలు పడుతుంది, ఎండాకాలంలో కాళ్లకు చల్లదనమూ పోతుంది. నూలు జంఖానా ఒకటి చాలు, దులిపి ఎండలో వేసుకోవచ్చు.

బాల్కనీలో మొక్కలు పెడితే ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు పోయొద్దు, ఉప్పు చేరి ఆకుల కొసలు మాడతాయి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోండి. పడమటి ఎండకు కాగితం పూల మొక్క, కలబంద తట్టుకుంటాయి. మనీప్లాంట్ లోపల, కిటికీకి కొంచెం దూరంగా.

నల్లగొండ_చౌరస్తా:
బదిలీ మాట నేను ఇంకా వదల్లేదు. అందుకే ఒకటి చెబుతాను. ఫర్నిచర్ కొనేముందు మెట్ల మలుపు కొలవండి. పాత ఇళ్లలో మెట్లు ఇరుకు, ఆరడుగుల దివాన్ మలుపులో తిరగదు. తాళ్లతో బాల్కనీలోంచి ఎక్కించాలి, దింపేటప్పుడు మళ్లీ అదే పని. విప్పి బిగించుకునే మంచమో నవారు మంచమో అయితే ఇద్దరు మనుషులు చాలు. చెక్క బల్లలు, కుర్చీలు సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. పాత టేకు కుర్చీకి పాలిష్ పెట్టిస్తే కొత్త ప్లైవుడ్ కుర్చీ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. చెదలు ఉన్నాయేమో కాళ్ల అడుగున తట్టి చూడండి.

అమ్మమ్మ_బొంత:
అన్నా, ఇది మాత్రం అందరికన్నా పనికొచ్చే సలహా.

కొత్త_తాళంచెవి:
ఇప్పటివరకు ఏం జరిగిందో చెబుతాను. వెదురు తడక కట్టించాను, మూడు గంటలప్పుడు కూడా హాల్లో కూర్చోగలుగుతున్నాను. అచ్చు బెడ్‌షీట్ కొనలేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక నవారు మంచం, ఒక టేకు స్టూలు దొరికాయి. స్టూలు మీద పసుపు పచ్చ వెలుగు ల్యాంపు పెట్టాను. కూలర్‌కు డబ్బు పక్కన పెట్టాను. డాబా మీద సున్నం వేయిద్దామంటే ఆంటీ సగం ఖర్చు తానే పెడతానన్నారు. అద్దం తగిలించడానికి గోడకు ఒక రంధ్రం కూడా ఒప్పుకున్నారు, రామగిరి సార్ చెప్పినట్టే చోటు చూపించి అడిగాను.

రెండు ప్రశ్నలు మిగిలాయి. గడపకు అమ్మ జాజు పూసి ముగ్గు వేస్తానంటోంది, ఓనర్‌కు అభ్యంతరం ఉంటుందా? ఇక్కత్ బట్టతో బెడ్‌రూమ్ కిటికీకి కర్టెన్ కుట్టిద్దామనుకుంటున్నాను. కిటికీ వెడల్పు నాలుగు అడుగులు, ఎత్తు నాలుగున్నర. ఎంత బట్ట తీసుకోవాలి?

రామగిరి_ఓనర్:
గడపకు జాజు పూస్తానంటే ఏ ఓనరూ వద్దనరమ్మా. చెక్క గడప అయితే పూయండి. బండ గడప అయితే రాయి రంగు పీల్చుకుంటుంది, ఒక్కమాట చెప్పి పూయండి.

అమ్మమ్మ_బొంత:
బతుకమ్మ పండుగ దాకా ఆగగలిగితే గునుగు పూలు ఒక కట్ట ఎక్కువ తీసుకో. తలకిందులుగా కట్టి నీడలో ఆరబెడితే పువ్వు రాలదు, కొన్ని నెలల పాటు అలాగే ఉంటుంది. మట్టి కూజాలో పెట్టి ఆ తెరిచిన అరలో ఉంచు. తంగేడు ఎండబెట్టకు, రాలిపోతుంది.

పడుగు_పేక:
కర్టెన్ బట్ట వెడల్పు కిటికీకి దాదాపు రెండింతలు ఉంటేనే కుచ్చిళ్లు నిండుగా వస్తాయి. ఇక్కత్ కాటన్ పన్నా (బట్ట వెడల్పు) సుమారు 44 అంగుళాలు అనుకుంటే మీ కిటికీకి రెండు ముక్కలు సరిపోతాయి. ఒక్కో ముక్క పొడవు కిటికీ ఎత్తు 54 అంగుళాలు, పైనా కిందా మడతలకు 8 కలిపి 62 అంగుళాలు. రెండూ కలిపితే మూడుంపావు మీటర్లకు దగ్గరగా వస్తుంది. కాటన్ కుంచించుకుంటుంది కాబట్టి మూడున్నర తీసుకోండి, కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి. పన్నా కొట్లో టేపు పెట్టి చూసుకోండి, మగ్గాన్ని బట్టి మారుతుంది. రెండు ముక్కలూ ఒకే తానులోంచి, డిజైన్ ఒకే చోట మొదలయ్యేలా కోయమని చెప్పండి. లేకపోతే పక్కపక్కన వేలాడదీసినప్పుడు వరుసలు కలవవు.